ఓవర్‌క్లాకింగ్‌కి ఏది మేలు: శాంపిల్ చిప్పా, షాపు చిప్పా?

సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ కోసం వెతికేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫొటో కనిపిస్తుంది. మోడల్ పేరు ఉండాల్సిన చోట 'ఇంటెల్ కాన్ఫిడెన్షియల్' అని చెక్కి ఉంటుంది. దాని దగ్గరే క్యూతో మొదలయ్యే నాలుగక్షరాల కోడు. షాపులో దొరికే చిప్పు మీదైతే ఆ కోడు ఎస్‌తో మొదలవుతుంది. కోర్లు అన్నే, ధర మాత్రం బాగా తక్కువ. పైగా "అన్‌లాక్డ్ పీస్, ఎంతైనా లాగొచ్చు" అని అమ్మేవాడి మాట. అంటే ఓవర్‌క్లాకింగ్ చేసి, కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడుతో నడపొచ్చని. చేయి ఊరుకోదు. నాదీ ఊరుకోలేదు, అందుకే ఈ పోలిక రాస్తున్నాను.

పోల్చాల్సినవి రెండు కాదు, మూడు. మొదటిది ఇంజినీరింగ్ శాంపిల్, వాడుకలో ఈఎస్. డిజైన్ ఇంకా తుది రూపానికి రాకముందే మదర్‌బోర్డు తయారీదార్లకి, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి పరీక్షల కోసం పంపేది. రెండోది క్వాలిఫికేషన్ శాంపిల్, అంటే క్యూఎస్. విడుదలకి కాస్త ముందు వచ్చే చిప్పు ఇది, దాదాపు అసలు సరుకే. మూడోది అందరూ కొనే షాపు చిప్పు. చాలామంది మొదటి రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. మోసపోయేది అక్కడే.

ఓవర్‌క్లాకింగ్‌కి ఈఎస్ మంచిదన్న పేరు ఊరికే రాలేదు. ప్రాసెసర్ స్పీడంటే బస్సు (ప్రాసెసర్‌ని మెమరీ, మిగతా భాగాలతో కలిపే దారి) స్పీడుని మల్టిప్లయర్ అనే అంకెతో గుణించగా వచ్చేది. 1990ల చివర్లో ఇంటెల్ తన ప్రాసెసర్లలో ఆ మల్టిప్లయర్ మారకుండా తాళం వేసేసింది. స్పీడు పెంచాలంటే బస్సు స్పీడు పెంచడమొక్కటే దారి. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అలాగే పేరు తెచ్చుకుంది: 66 మెగాహెర్ట్జ్ బస్సుని 100కి మారిస్తే, 4.5 మల్టిప్లయర్‌తో 300 కాస్తా 450 అయ్యేది. అయితే బస్సు పెంచితే మెమరీ, మిగతా కార్డులు కూడా దాంతోపాటే పరుగెత్తాలి, వాటిలో ఏదో ఒకటి ముందే చేతులెత్తేసేది. ఆ రోజుల్లో శాంపిల్ చిప్పుల్లో చాలావాటికి ఈ తాళం ఉండేది కాదు, పరీక్షించేవాళ్లకి రకరకాల స్పీడులు కావాలి కదా. మిగతా సిస్టమ్‌ని కదిలించకుండా ప్రాసెసర్ ఒక్కదాన్నే పైకి లాగే వీలు దాంతో దొరికేది. మామూలు వాడకందారుకి అదే సౌకర్యం కావాలంటే, తర్వాత వచ్చిన కోర్ 2 ఎక్స్‌ట్రీమ్ లాంటి బాగా ఖరీదైన మోడల్ కొనాల్సిందే. అప్పట్లో ఈఎస్ దొరికినవాడు నిజంగా అదృష్టవంతుడే.

ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. ఇంటెల్ పోటీ కంపెనీ ఏఎండీ, బ్లాక్ ఎడిషన్ పేరుతో తాళం తీసిన చిప్పులు అమ్మింది. ఇంటెల్ 2010లో ఐ7-875కెతో మొదలుపెట్టి, 2011లో 2500కె, 2600కెలతో, తాళం లేదని చెప్పే కె అక్షరాన్ని ఇంటింటి మాట చేసింది. 2017లో వచ్చిన ఏఎండీ మొదటి తరం రైజెన్ డెస్క్‌టాప్ చిప్పులన్నీ తాళం లేకుండానే వచ్చాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఈఎస్ అయినంత మాత్రాన తాళం ఉండదని నమ్మడానికి లేదు. సర్వర్ చిప్పుల శాంపిళ్లు, ల్యాప్‌టాప్ శాంపిళ్లు చాలావరకు తాళంతోనే తిరుగుతున్నాయి. అమ్మేవాడు చెప్పే 'అన్‌లాక్డ్' ఇరవై ఏళ్ల నాటి జ్ఞాపకం.

సరే, తాళం లేని ఈఎస్ ఒకటి దొరికిందనుకుందాం. షాపు చిప్పు కంటే ఎక్కువ స్పీడు అందుకుంటుందా? సాధారణంగా అందుకోదు. చిప్పు డిజైన్‌ని సవరించిన కొద్దీ కొత్త స్టెప్పింగ్ వస్తుంది. షాపుకొచ్చాక కూడా ఈ సవరణలు ఆగవు. 2007లో కోర్ 2 క్వాడ్ క్యూ6600 బీ3 స్టెప్పింగ్‌లో 105 వాట్లు, తర్వాతి జీ0లో 95 వాట్లు. అందుకే ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు పెట్టె మీది కోడు చూసి మరీ జీ0నే ఏరుకునేవాళ్లు. ఐ7-920లోనూ అంతే, సీ0 కంటే డీ0 మెరుగు. అంటే స్టెప్పింగ్ కొత్తదయ్యే కొద్దీ ఓవర్‌క్లాకర్‌కి లాభం. తొలినాటి ఈఎస్ అయితే షాపుకొచ్చిన మొదటి స్టెప్పింగ్ కంటే కూడా వెనకటిది. అదే స్పీడుకి ఎక్కువ వోల్టేజి అడుగుతుంది.

ఆ ఎక్కువ వోల్టేజి కొంచెమేగా అనుకోవద్దు. ఖర్చయ్యే కరెంటు స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 వోల్టుల దగ్గర 4 గిగాహెర్ట్జ్ నడిచే చిప్పుని 1.35 దగ్గర 4.5కి తీసుకెళ్తే స్పీడు పెరిగింది 12.5 శాతం, వేడి పెరిగింది 40 శాతం పైన. ఇదే 4.5 కోసం ఈఎస్ 1.4 అడిగితే, ఆ తేడా మొత్తం కూలర్ నెత్తిన పడుతుంది.

"శాంపిల్ కాబట్టి కంపెనీ మంచి చిప్పులే ఏరి పంపుతుంది" అనే మాట కూడా వింటుంటాం. బోర్డు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి పంపే చిప్పుని ఓవర్‌క్లాకింగ్ కోసం ఏరాల్సిన పని ఎవరికుంది? ఒకే మోడల్‌లో కూడా ఒక్కో చిప్పు ఒక్కోలా రావడాన్ని సిలికాన్ లాటరీ అంటారు, అది ఇక్కడా లాటరీయే.

అసలు దెబ్బ బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రాం) దగ్గర. మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి పనితీరుని సవరించే చిన్న కోడు, చిప్పు గుర్తింపు సంఖ్యని బట్టి బయోస్ నుంచి లోడవుతుంది. విడుదల తర్వాత బోర్డు తయారీదార్లు పాత శాంపిళ్ల మైక్రోకోడ్‌ని బయోస్ నుంచి తీసేయవచ్చు, వాళ్ల తప్పూ లేదు. నా ఈఎస్ నెల రోజులు బాగానే నడిచింది. మెమరీ కొంచెం మెరుగవుతుందని బయోస్ అప్‌డేట్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. చివరికి స్నేహితుడి షాపు చిప్పు అడిగి తెచ్చి, అది పెట్టి పాత బయోస్ తిరిగి ఎక్కించాక గానీ లేవలేదు. ఓవర్‌క్లాక్‌లో సంపాదించిన 200 మెగాహెర్ట్జ్ ఆ రెండు రోజుల టెన్షన్‌కి సరిపోలేదు.

షాపు చిప్పుల్లోనూ లోపాలుంటాయి, కాదనను. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పులు మితిమీరిన వోల్టేజితో క్రమంగా పాడవుతున్నాయని 2024లో తేలింది. కానీ ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. శాంపిల్‌కి వారంటీయే లేదు. అసలు ఇంటెల్ లెక్కలో ఆ చిప్పు దాని సొంత ఆస్తి, అరువిచ్చినది, అమ్మడానికీ కొనడానికీ వీల్లేనిది. వాటిని బాహాటంగా అమ్మడం చూసి మనం మర్చిపోతాం గానీ, కొన్నది ఎవరి సొమ్మో తెలియకుండానే కొన్నట్టు.

క్యూఎస్ సంగతి కొంత నయం. స్టెప్పింగ్, స్పీడులు ఎక్కువగా షాపు చిప్పువే, బయోస్ గొడవ కూడా తక్కువ. ఓవర్‌క్లాకింగ్‌లో రెండింటికీ తేడా చూపించడం కష్టం. అయితే అమ్మేవాళ్లు ఈఎస్‌నే క్యూఎస్ అని చెప్పడం మామూలే. కొనేముందు సీపీయూ-జెడ్ (ప్రాసెసర్ వివరాలు చూపించే ప్రోగ్రాం) స్క్రీన్‌షాట్ అడిగి, స్టెప్పింగ్ షాపు చిప్పుతో కలిసిందో లేదో చూడండి. వారంటీ, సొంతదారు చిక్కులు దీనికీ తప్పవు.

రోజూ పనిచేయాల్సిన కంప్యూటర్‌కైతే నేను షాపు చిప్పే అంటాను, అదీ తాళం లేనిది, వీలైతే కొత్త స్టెప్పింగ్. అది అందకపోతే శాంపిల్ వైపు పోకుండా, పాత తరం కె చిప్పు సెకండ్ హ్యాండ్‌లో చూడండి. తొలి ఈఎస్ సరదా కోసం మాత్రమే, పక్కన ఇంకో కంప్యూటర్ ఉన్నవాళ్లకి. దాంతో కుస్తీ పట్టడంలో ఓ మజా ఉంది, అది మాత్రం నిజం.

ఇప్పటికే చేతిలో ఒకటి ఉంటే, నడుస్తున్న బయోస్ కాపీని ముందు పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ప్రాసెసర్ లేకుండానే బయోస్ ఎక్కించే బటన్ ఉన్న బోర్డు అయితే ఇంకా మంచిది. వోల్టేజి ఆటోలో వదలకుండా చేత్తో పెట్టండి, ఒక్కో మెట్టు ఎక్కాక ప్రైమ్95 (ప్రాసెసర్‌ని పూర్తి భారంతో పరీక్షించే ప్రోగ్రాం) గంటసేపు నడిపి చూడండి. తొలి శాంపిల్‌లో ఉష్ణోగ్రత అంకెలు అన్నిసార్లూ నమ్మదగ్గవి కావు. కూలర్ మీద చేయి పెట్టి చూడటం కూడా అలవాటు చేసుకోండి.