నాలుగేళ్లు వాడాక: బొమ్మలేసేవాళ్లకి ప్లాస్టిక్ అస్థిపంజరం పనికొస్తుందా?

మాది శ్రీకాకుళం. పగలు ఉద్యోగం, రాత్రి పెన్సిల్ బొమ్మలు. మొహాలు బానే వచ్చేవి నాకు, మెడ కిందకి దిగితేనే గోనెసంచికి చొక్కా తొడిగినట్టుండేది, వీడియోలు చూసి కండరాల పేర్లు బట్టీ పట్టినా అంతే. అప్పుడు ఆన్‌లైన్‌లో కొన్నా ఇది, 85 సెంటీమీటర్లది, అంటే మనిషిలో సగం ఎత్తు. డబ్బా విప్పిన రోజు మా అమ్మ "ఏట్రా ఇది, శ్మశానం ఇంటికి తెచ్చీసినావు" అని ఒకటే గొడవ, ఇప్పటికీ చుట్టాలొస్తే దాని మీద తువ్వాలు కప్పీస్తాది.

లాభం ఏంటంటే చర్మం కింద ఎముక ఎక్కడెక్కడ పైకి తేలుతుందో తెలిసింది. చీలమండ గుబ్బలు రెండూ ఒకే గీత మీద పెట్టేవాణ్ణి, లోపలిది కొంచెం పైకి, బయటిది కిందకి ఉంటాయని దీన్ని చూశాకే తెలిసింది (నా కాలు నేనే ఇన్నేళ్లు చూసుకోలేదన్నమాట). తొడ ఎముక కూడా నిలువు స్తంభంలా ఉండదు, తుంటి దగ్గర ఎడంగా మొదలై మోకాలి దగ్గరికొచ్చేసరికి లోపలికి వాలుతుంది. ఇది పట్టుకున్నాక నా బొమ్మలు నిలబడటం మొదలెట్టాయి.

కానీ కదలిక దగ్గర ఇది నిలువునా ముంచుతుంది. ముంజేతిలో ఉండే రెండు ఎముకలు, బొటనవేలి వైపు రేడియస్, చిటికెనవేలి వైపు అల్నా, రెండూ కదలకుండా బిగించేశారు. మనం అరచెయ్యి బోర్లా తిప్పితే అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది, రేడియస్ దాని మీద అడ్డంగా పడుతుంది, అందుకే ముంజెయ్యి ఆకారం మారిపోద్ది. దానికోసం రెండు చీపురు పుల్లలకి రబ్బరు బ్యాండేసి తిప్పుకుని చూశా, ఈ బొమ్మ కంటే అవే నయం.

స్కాపులా సంగతి ఇంకా దారుణం, అదే వీపు మీద రెక్కలా ఉండే ఎముక. ఇందులో దాన్ని పక్కటెముకలకి స్క్రూ కొట్టేశారు. మన ఒంట్లో దానికి పక్కటెముకలతో జాయింటే లేదు, మొండెంతో ఎముక లంకె అంటే కాలర్ బోన్ ఒక్కటే, మిగతాదంతా కండలే పట్టుకుంటాయి. చెయ్యి నిలువునా ఎత్తితే ఆ కదలికలో సుమారు మూడో వంతు స్కాపులాదే. స్క్రూని నమ్మి ఏడాది పాటు చెయ్యెత్తిన ప్రతి మనిషినీ తప్పే గీశా. ఆదివారాలు కళింగపట్నం వెళ్లి వల లాగేవాళ్లని వెనక నుంచి గీస్తుంటే తెలిసింది, లాగిన ప్రతిసారీ ఆ ఎముక వెన్ను వైపు జారుతుంది, తాడు కోసం చెయ్యి చాపితే పక్కకి పోతుంది. ఒక తాత "ఈపుల మీద ఏటుంది బాబూ, మొకాలు గియ్యవా" అన్నాడు. మొకాలు వచ్చు తాతా, ఈపులే రావట్లేదు అన్నా.

మిగతావి చిన్నవే, స్క్రూలు తుప్పెక్కాయి, దవడ స్ప్రింగ్ ఊడింది, మణికట్టులో 8 ఎముకలు ఉండాల్సిన చోట ఒకటే ముద్ద.

కొనాలనుకుంటే మాత్రం ఇంతకంటే చిన్నది వద్దు, ఫ్రెండ్ దగ్గరున్న 45 సెంటీమీటర్లదానికి వేళ్లు కూడా సరిగ్గా తెలీవు. ఇంకోటి, పార్సిల్ రాగానే రెండు చేతుల బొటనవేళ్లూ చూసుకోండి. నాకొచ్చినదానికి రెండూ ఎడమ చేతులే, కుడి వైపుది అరచెయ్యి వెనక్కి తిప్పి ఉందిలే అనుకున్నా, అసలు విషయం తెలిసేసరికి రెండో నెల, రిటర్న్ గడువేమో పది రోజులు.