ఉత్తర్వు వేరు, చార్జి వేరు: ‘తర్వాత పోయేదెవరు’ పందేలతో మూడేళ్లు

నేను హనుమకొండ సుబేదారిలోని కలెక్టరేట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్‌గా చేసి 2021లో రిటైరయ్యాను. ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఏ పూట చార్జి ఇచ్చారు... నా సర్వీసులో సగం ఈ కాగితాలతోనే గడిచింది. 2022 అక్టోబరులో బ్రిటన్‌లో ప్రధాని లిజ్ ట్రస్ కుర్చీ ఊగుతున్నప్పుడు మా మేనల్లుడు ఫోన్‌లో ఒక పందేల సైటు తెరిచి నా చేతిలో పెట్టాడు. “మామా, ఆఫీసుల ఎవరు బదిలీ అయితరో ముందే చెప్పేటోనివి గద. గిది చెప్పు చూద్దాం” అన్నాడు. పైసలతో పని లేదు, సైటు వాళ్లే ఉత్తుత్తి నాణేలు ఇస్తారు. ఆ రోజు మొదలుపెట్టింది ఇప్పటికీ వదల్లేదు. మూడేళ్లు దాటింది కాబట్టి మంచిచెడ్డలు చెప్పే హక్కు వచ్చిందనుకుంటున్నాను.

ఆడే పద్ధతి తేలికే. ‘అమెరికా మంత్రివర్గం నుంచి తర్వాత పోయేదెవరు’ అని ప్రశ్న ఉంటుంది. కింద పేర్ల వరస, ఒక్కో పేరు పక్కన శాతం. 12 శాతం ఉన్న పేరు మీద ఒక వాటా కొంటే 12 నాణేలు. ఆయనే పోతే 100 వస్తాయి, ఇంకొకరు పోతే సున్నా. మధ్యలో మనసు మారితే అప్పటి ధరకు అమ్ముకోవచ్చు. ఎక్కువమంది కొంటే ధర పెరుగుతుంది, అమ్మితే తగ్గుతుంది.

ట్రస్ రాజీనామా ప్రకటించింది అక్టోబరు 20న. సునాక్ ప్రధాని అయింది 25న. ప్రకటనకూ కుర్చీ దిగడానికీ మధ్య ఉన్న ఆ అయిదు రోజులే నన్ను ఈ ఆటలో కట్టిపడేశాయి. ఎందుకంటే ఆ సందు నాకు బాగా తెలిసిన సందు.

మా దగ్గర బదిలీ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన అధికారి పోయినట్టు కాదు. రిలీవ్ కావాలి, చార్జి అప్పగించాలి. దానికి సీటీసీ అనే ఫారం, అంటే చార్జి అప్పగించినట్టు ధ్రువపత్రం, ఉంటుంది. ఇచ్చేవాళ్లు ఒక పక్క, తీసుకునేవాళ్లు ఒక పక్క సంతకం చేస్తారు. తేదీ పక్కన ఎఫ్ఎన్ అనో ఏఎన్ అనో రాస్తాం, అంటే మధ్యాహ్నానికి ముందా తర్వాతా అని. ఆ రెండక్షరాలు తప్పు పడితే ఒక పూట జీతం ఇద్దరి పేరున పడుతుంది, ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు. జీఓ వచ్చాక కూడా నెలరోజులు అదే సీట్లో కూర్చున్నవాళ్లను చూశాను, రాత్రి పదింటికి ఉత్తర్వు వస్తే తెల్లారి తొమ్మిదికల్లా జాయినైనవాళ్లనూ చూశాను.

ఈ పందెంలో గెలుపోటములు చాలావరకు ఆ సందులోనే ఉన్నాయి. పాత సంగతులు తవ్వితే 2018 బాగా పనికొచ్చింది. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి నిక్కీ హేలీ తాను తప్పుకుంటున్నానని అక్టోబరు 9న ప్రకటించారు, కానీ పదవిలో ఉన్నది సంవత్సరం చివరిదాకా. ఈలోపు మధ్యంతర ఎన్నికలు నవంబరు 6న అయ్యాయి, మర్నాడే అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్‌ను పంపేశారు. మరి ‘తర్వాత పోయిందెవరు’? ప్రకటన చూస్తే హేలీ, కుర్చీ చూస్తే సెషన్స్. ఆ డిసెంబరులోనే రక్షణమంత్రి మాటిస్ ఫిబ్రవరి ఆఖరు దాకా ఉంటానని రాజీనామా లేఖ ఇస్తే, మూడు రోజులకే ట్రంప్ దాన్ని జనవరి 1కి జరిపేశారు. రాసిచ్చిన తేదీని కూడా నమ్మలేం.

కాబట్టి నేనిప్పుడు పేర్లు చూడను. ముందు నియమాలు చదువుతాను. ఏది లెక్క, ప్రకటనా, పదవి వదలడమా? తాత్కాలిక బాధ్యుడు వస్తే పోయినట్టేనా? ఏ దేశపు గడియారం? ఇవి రాయని ప్రశ్న జోలికి పోను.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. పోయినేడాది ఒక దేశపు పెద్ద అధికారి మీద ప్రశ్న వచ్చింది. ‘పదవి వదిలిన రోజు లెక్క’ అని నియమంలో స్పష్టంగా ఉంది. ఆయన తప్పుకుంటానని చెప్పిన సాయంత్రమే ప్రశ్న పెట్టినతను తీర్పు ఇచ్చేసి మూసేశాడు. నా 640 నాణేలు పోయాయి. ప్రభుత్వ ప్రకటన జతచేసి, మీ నియమం ఇదీ, జరిగింది ఇదీ అని వివరంగా రాశాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది, తీర్పు మారదట. నాణేలతో కూరగాయలు కూడా రావు, నా బాధ వాటికోసం కాదు. రాసుకున్న నియమాన్ని రాసినవాడే పక్కన పెడితే, జాగ్రత్తగా చదివినవాడికి దక్కేదేముంది? ఈ తరహా సైట్లలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. ప్రశ్న పెట్టినవాడే తీర్పరి.

నేనుగా చేసిన పెద్ద తప్పు 2025 మార్చిలో. యెమెన్ మీద అమెరికా దాడుల ముచ్చట నడిచిన సిగ్నల్ మెసేజింగ్ యాప్ గ్రూపులో ఒక పత్రికా సంపాదకుడు కూడా ఉన్నాడని 24న బయటపడింది. దాడుల వేళలు టైపు చేసింది రక్షణమంత్రి హెగ్‌సెత్. ఇంత జరిగాక ఈయన ఉండడు అనుకుని ఉన్న నాణేల్లో సగం ఆయన మీద పెట్టాను. మే 1న పోయింది సంపాదకుణ్ని గ్రూపులో చేర్చిన భద్రతా సలహాదారు వాల్ట్జ్. పోవడం కూడా ఎట్లా? అదే రోజు ఐక్యరాజ్యసమితి రాయబారిగా పేరు ప్రతిపాదించారు. మన భాషలో లూప్‌లైన్ పోస్టింగ్, అంటే ప్రాధాన్యం లేని సీటు. తప్పు పెద్దదా అని నేను చూశాను. పై ఆయనకు ఎవరిని కదిలిస్తే తేలిక అన్నది చూడలేదు. ముప్పై ఏళ్లు ఆఫీసులో చూసిన సంగతే, ఫోన్ తెరమీద కనపడేసరికి మర్చిపోయాను.

అదే ఏడాది ఆగస్టులో ఇంకో రకం చూశాం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ డైరెక్టర్ మొనారెజ్ ఇక పదవిలో లేరని 27న ఆరోగ్యశాఖ ప్రకటిస్తే, ఆమె రాజీనామా చేయలేదు, తొలగించే అధికారం అధ్యక్షుడికే అని ఆమె లాయర్లు అడ్డం తిరిగారు. తర్వాత వైట్‌హౌస్ తొలగించామని చెప్పింది. అంతకు రెండు రోజుల ముందు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ గవర్నర్ లీసా కుక్‌ను తొలగిస్తున్నట్టు ట్రంప్ లేఖ పెట్టారు. ఆమె కోర్టుకెళ్లారు, సెప్టెంబరులో జిల్లా జడ్జి ఆ తొలగింపును ఆపారు. ఉత్తర్వు ఉంది, మనిషి సీట్లోనే ఉంది. స్టే తెచ్చుకుని అదే కుర్చీలో కూర్చున్నవాళ్ల ఫైళ్లు మోసినవాణ్ని కాబట్టి, లేఖ వచ్చిన రాత్రి ధర ఎగబాకుతుంటే నేను అమ్మేశాను. నాకు బాగా కలిసొచ్చిన పందెం అదొక్కటే.

ఇంకోటి, ‘గడువులోపు ఎవరూ పోరు’ అనే వరస చాలా ప్రశ్నల్లో అట్టడుగున ఉంటుంది. జనం దాన్ని పట్టించుకోరు, పేరున్న మనిషి మీద కొనడమే వాళ్లకు ఇష్టం. నా అనుభవంలో ఎక్కువసార్లు చవగ్గా దొరికింది అదే. కలెక్టర్ పోతున్నాడట అని మా క్యాంటీన్‌లో వారం వారం వినేవాళ్లం. నిజంగా కదిలించేది పుకారు కాదు, క్యాలెండర్. ఒకే జిల్లాలో మూడేళ్లు నిండినవాళ్లను ఎన్నికల ముందు కదిలిస్తారు. 2023 అక్టోబరులో షెడ్యూలు వచ్చిన రెండు మూడు రోజులకే ఎన్నికల సంఘం ఇక్కడి కలెక్టర్లను, ఎస్పీలను కొందరిని మార్చింది, వరంగల్ పోలీస్ కమిషనర్‌తో సహా. సెషన్స్ విషయంలోనూ నడిచింది ఎన్నికల క్యాలెండరే.

పైసల సంగతి వేరుగా చెప్పాలి. నాకు ఉత్తుత్తి నాణేల సైటు చూపించిన మేనల్లుడే, జరుగుతుందా జరగదా అని పందెం కాసే ఒక ఎస్-నో యాప్‌లో అసలు పైసలు పెట్టాడు. ఒకరోజు పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే ఆగిపోయి, “మామా, ముప్పై ఎనిమిది వేలు పోయినయి, అమ్మకు చెప్పకు” అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. ఒక్క రాత్రిలో పందొమ్మిదిసార్లు కొన్నాడు, అన్నీ పోయిన పైసలు రాబట్టుకుందామనే. నేను తిట్టలేదు, వాని పక్కన చాలాసేపు కూర్చున్నాను. తెలంగాణలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటివి నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. నా మాటగా చెప్తున్నా, పైసలతో ఈ పందెం కాయకండి. అమెరికాలో ప్రెడిక్టిట్ అనే పైసల పందేల సైటులో ఒక్కో పందేనికి చాలా ఏళ్లు 850 డాలర్ల హద్దు ఉండేది, లాభంలో పది శాతం, తీసుకునేటప్పుడు ఇంకో అయిదు శాతం కోత. హద్దు ఉన్నచోటే అంత పిండేస్తే, హద్దులేని యాప్ సంగతి చెప్పేదేముంది.

చిన్న ఇబ్బందులూ ఉన్నాయి. అంతా ఇంగ్లిషే. వాషింగ్టన్‌లో శుక్రవారం సాయంత్రం వార్త వస్తే మనకు శనివారం తెల్లవారుజాము, లేచేసరికి ధర మారిపోయి ఉంటుంది. నిద్ర చెడగొట్టుకోవడం మానేశాను.

మొత్తానికి అయిదుకు నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి తీర్పరి సమస్యకు తగ్గించాను. ఆఫీసు పని చేసినవాళ్లకు, గ్రూప్స్‌కు చదివే పిల్లలకు పరిపాలన ఎట్లా కదులుతుందో నేర్పే ఆట ఇది.

పోయిన వారం నేనే ఒక ప్రశ్న పెట్టాను. నియమాల్లో మొదటి వాక్యం ఇలా రాశాను: ‘ప్రకటన లెక్కలోకి రాదు. వారసుడు గానీ ఇంచార్జి గానీ బాధ్యత తీసుకున్న రోజే లెక్క, వాషింగ్టన్ సమయం ప్రకారం.’ కోర్టు స్టే వస్తే ఏంటన్నది రెండో వాక్యం. ఆడుతున్నవాళ్లు ఇరవైమందికి లోపే. ఇప్పటిదాకా ఒక్కరు కూడా అనుమానం అడగలేదు.