రైతుల రేట్లు ఒకేసారి మార్చడానికి మాంగోడీబీ సీ లైబ్రరీ: రెండేళ్ళు వాడాక నా మాట

చిత్తూరు చుట్టుపక్కల పాలసేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. ఫ్యాట్ మిషన్ పక్కనుండే చిన్న పెట్టె మొదలు ఆఫీసు సర్వర్ దాకా మా ప్రోగ్రాములన్నీ సీ భాషలోనే ఉన్నాయి కాబట్టి మాంగోడీబీ డేటాబేస్‌తో మాట్లాడటానికి దాని సీ లైబ్రరీ లిబ్‌మాంగోసీ వాడుతున్నాను. అందులో నాకు బాగా నచ్చింది మాంగోసీ_కలెక్షన్_అప్‌డేట్_మెనీ, అంటే చాలా డాక్యుమెంట్లను (మాకు ఒక్కో రైతు రికార్డూ ఒక డాక్యుమెంటు) ఒకేసారి మార్చే ఫంక్షన్.

ఇదివరకు రేటు మారిందంటే రూట్‌లోని రైతులందరినీ కర్సర్‌తో (వెతికితే దొరికినవాటిని ఒక్కొక్కటిగా అందించేది) తెచ్చుకుని ఒక్కొక్కరి డాక్యుమెంటూ విడిగా మార్చేవాణ్ణి, పొద్దున పాలు పోసే టైముకి అవుతుందో లేదో అని ఒకటే టెన్షన్. ఇప్పుడు ఎవరిని మార్చాలో చెప్పే సెలెక్టర్, ఏం మార్చాలో చెప్పే అప్‌డేట్, ఈ రెండూ బీసన్‌గా (మాంగోడీబీ డేటాని ఉంచే రూపం) ఇస్తే చాలు, పనంతా సర్వర్ దగ్గరే జరిగిపోతుంది. పాత మాంగోసీ_కలెక్షన్_అప్‌డేట్‌లో మల్టీ ఫ్లాగ్ పెట్టకపోతే ఒక్క డాక్యుమెంటే మారి ఊరుకునేది, ఎర్రర్ కూడా వచ్చేది కాదు. ఇందులో ఆ గొడవ లేదు. విలువ మార్చే డాలర్ సెట్ లాంటి ఆపరేటర్ లేకుండా ఉత్త డాక్యుమెంటు ఇస్తే ఒప్పుకోదు, అదీ మంచిదే.

ఫంక్షన్ నింపి ఇచ్చే రిప్లైలో వచ్చే లెక్కల్లో రెండు తప్పకుండా చూడండి. మ్యాచ్‌డ్‌కౌంట్ అంటే సెలెక్టర్‌కి దొరికినవి, మాడిఫైడ్‌కౌంట్ అంటే నిజంగా మారినవి. ఉన్న రేటునే మళ్ళీ సెట్ చేస్తే మొదటిది ఉదాహరణకి 640, రెండోది 0 వస్తుంది, అది తప్పు కాదు. ఫంక్షన్ ఫాల్స్ ఇచ్చినా సరే రిప్లై పట్టుకున్న మెమరీని బీసన్_డిస్ట్రాయ్‌తో వదిలించాల్సిందే, నెలల తరబడి ఆగకుండా నడిచే ప్రోగ్రాముల్లో ఇది వదిలేస్తే మెమరీ మెల్లగా తినేస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడ. ఒక్కో డాక్యుమెంటు మార్పు పూర్తిగా జరుగుతుంది లేదా అసలు జరగదు, కానీ మొత్తం అప్‌డేట్‌కి ఆ హామీ లేదు, సగంలో తెగితే సగం మారే ఉంటాయి. పైగా డ్రైవర్ (అంటే ఈ లైబ్రరీయే) తనంతట తాను మళ్ళీ ప్రయత్నించే రిట్రయబుల్ రైట్స్ అప్‌డేట్ మెనీకి వర్తించవు. పోయినేడాది పండక్కి ప్రతి రైతు ఖాతాకీ 50 రూపాయల బోనస్ డాలర్ ఇంక్‌తో (ఉన్న అంకెకి కలిపే ఆపరేటర్) కలుపుతుంటే మధ్యలో కరెంటు పోయి సర్వర్ ఆగింది. ఫాల్స్ వచ్చింది కదా అని నేను మళ్ళీ నడిపాను. మరుసటి పొద్దున బంగారుపాళ్యం దగ్గర కేంద్రంలో ఒక పెద్దావిడ రెండు పాల చీటీలు పక్కపక్కనే పెట్టి, "ఏం నాయనా, మా కోడలికి యాభై, నాకు నూరు పడిందే?" అని అడిగింది. ఎక్కువ పడిందని దాచుకోకుండా వచ్చి చెప్పిన మనిషి ముందు నాకు మాట రాలేదు. ఆ రోజంతా చీటీలు పట్టుకుని ఎవరికి రెండుసార్లు పడిందో ఏరుకుంటూ కూర్చున్నాం.

అప్పటినుంచి ప్రతి విడతకీ ఒక గుర్తు పెడుతున్నాను. ఆ గుర్తు లేని రైతులనే సెలెక్టర్ పట్టుకుంటుంది, డబ్బు కలిపే అప్‌డేట్‌లోనే డాలర్ సెట్‌తో గుర్తు కూడా పడుతుంది. రెండూ ఒకే డాక్యుమెంటులో ఒకేసారి జరుగుతాయి కాబట్టి డబ్బు పడి గుర్తు పడకపోవడం ఉండదు. మొన్న పలమనేరు రూట్‌లో మళ్ళీ మధ్యలో తెగింది, ఇంకోసారి నడిపితే మ్యాచ్‌డ్‌కౌంట్ 212 అని వచ్చింది, సరిగ్గా అందాల్సిన మిగతావాళ్ళే.