ఐపీస్ మార్చాలా, ఆబ్జెక్టివ్ మార్చాలా? మైక్రోస్కోపు లెన్సుల్లో ఏది మేలు

మైక్రోస్కోపు కొనడానికి వెళ్తే షాపాయన ముందు ఎత్తుకునేది రెట్ల లెక్కే. "మాస్టారూ, ఈ ఇరవై ఐపీస్ కూడా పట్టుకెళ్లండి, రెండువేల రెట్లు కనిపిస్తాది" అంటాడు. లెక్కలో తప్పు లేదు. ఆబ్జెక్టివ్ (స్లైడు పక్కన ఉండే లెన్సు) మీద 100ఎక్స్, ఐపీస్ (మనం కన్ను పెట్టే లెన్సు) మీద 20ఎక్స్ అని ఉంటే గుణించాక వచ్చేది రెండువేలే. కాకపోతే అందులో మూడో వంతుకు పైగా దండగ. విశాఖలో జువాలజీ, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివే పిల్లలు, ఇంట్లో పిల్లలకు ఒక మైక్రోస్కోపు కొనిపెడదామనుకునే తల్లిదండ్రులు చివరికి తేల్చుకోవలసింది ఒకటే: ఉన్న డబ్బు ఐపీస్ మీద పెట్టాలా, ఆబ్జెక్టివ్ మీద పెట్టాలా? నా ఓటు ఆబ్జెక్టివ్‌కే. అయితే ఏ ఆబ్జెక్టివ్ అన్నది మీరు చూడబోయే వస్తువును బట్టి ఉంటుంది.

వెయ్యి రెట్లకు రెండు దారులు

40ఎక్స్ ఆబ్జెక్టివ్‌కు 25ఎక్స్ ఐపీస్ తగిలిస్తే వెయ్యి రెట్లు. 100ఎక్స్ ఆయిల్ ఆబ్జెక్టివ్‌కు (స్లైడు మీద ఆయిల్ చుక్క వేసి వాడేది) మామూలు 10ఎక్స్ ఐపీస్ పెట్టినా వెయ్యే. మొదటి దారి చవక. ఆయిల్ జిడ్డు లేదు, తుడుచుకునే పని లేదు. అలాంటప్పుడు ల్యాబుల్లో అందరూ రెండో దారినే ఎందుకు పడతారు?

ఆబ్జెక్టివ్ ఒంటి మీద రాసినది ఓపిగ్గా చదివితే జవాబు అక్కడే దొరుకుతుంది. 40/0.65 అని, దాని కింద 160/0.17 అని ఉంటుంది. 40ని అందరూ చూస్తారు. అసలు సంగతి ఆ 0.65లో ఉంది. దాన్ని న్యూమరికల్ అపర్చర్, క్లుప్తంగా ఎన్‌ఏ అంటారు. స్లైడు మీది ఒక బిందువు నుంచి విచ్చుకుంటూ పైకి వచ్చే వెలుతురులో ఎంత వెడల్పు వరకు ఆ లెన్సు అందుకోగలదో చెప్పే అంకె అది. ఎంత వెడల్పు అందుకుంటే అంత సన్నని వివరం తెలుస్తుంది. జర్మనీలోని యేనాలో మైక్రోస్కోపులు తయారుచేసే జైస్‌తో కలిసి పనిచేసిన ఎర్నెస్ట్ అబ్బె 1873లోనే ఈ హద్దు సంగతి తేల్చి చెప్పాడు.

లెక్క తేలికే. వెలుతురు తరంగదైర్ఘ్యాన్ని 0.61తో గుణించి ఎన్‌ఏతో భాగిస్తే, రెండు చుక్కలు విడివిడిగా కనిపించడానికి వాటి మధ్య ఎంత దూరం ఉండాలో వస్తుంది. ఆకుపచ్చ వెలుతురుకు 0.55 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేసుకుందాం. ఎన్‌ఏ 0.10 ఉన్న 4ఎక్స్‌కు సుమారు 3.4 మైక్రాన్లు. 0.25 ఉన్న 10ఎక్స్‌కు 1.3. 0.65 ఉన్న 40ఎక్స్‌కు 0.52. 1.25 ఉన్న 100ఎక్స్ ఆయిల్‌కు 0.27. ఈ లెక్కలో ఐపీస్ ఊసే లేదని గమనించండి. ఆబ్జెక్టివ్ పట్టుకురాని వివరాన్ని ఐపీస్ పుట్టించలేదు. పాస్‌పోర్ట్ ఫొటోను ఫ్లెక్సీ సైజుకు లాగితే ముఖం పెద్దదవుతుందే గానీ, అందులో లేని కనురెప్పల వెంట్రుకలు కొత్తగా రావు కదా.

పైగా మొదటి దారిలో వెలుతురు కూడా తగ్గిపోతుంది. రెట్లు సమానంగా ఉన్నప్పుడు బొమ్మ కాంతి ఎన్‌ఏ వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.65కీ 1.25కీ లెక్క కడితే, 40ఎక్స్‌తో తెచ్చుకున్న వెయ్యి రెట్ల బొమ్మలో ఉండేది రెండోదానిలో ఉన్న వెలుగులో నాలుగో వంతు చిల్లర మాత్రమే. మసకగా, చీకటిగా ఉన్న పెద్ద బొమ్మ అన్నమాట.

సముద్రపు నీళ్లలో పరీక్ష

ఇది కళ్లారా చూడాలంటే విశాఖలో సరంజామాకు కొదవ లేదు. ఆర్కే బీచ్ ఒడ్డున బకెట్ ముంచితే ఇసుకే ఎక్కువ పడుతుంది. దానికన్నా ఫిషింగ్ హార్బర్ వైపు తెలిసినవాళ్ల పడవెక్కి, సన్నకన్నుల నైలాన్ వలను నీళ్లలో కాసేపు లాగి, అడుగున తేరిన నీటిలో ఒక చుక్క స్లైడు మీద వేసుకోవడం మేలు. గుండ్రటి బిళ్లల్లా కాసినోడిస్కస్, గొలుసుల్లా కీటోసిరోస్, అదృష్టం బాగుంటే సన్నగా, కొద్దిగా ఎస్ ఆకారంలో వంగిన ప్లూరోసిగ్మా కనిపిస్తాయి. ఇవన్నీ డయాటమ్‌లు, గాజు పెంకున్న సూక్ష్మమైన నాచులు.

ప్లూరోసిగ్మా పెంకు మీద ఎంతో సన్నని గీతలుంటాయి. ప్లూరోసిగ్మా అంగులేటమ్ అనే రకంలో గీతకూ గీతకూ మధ్య ఎడం సుమారు అర మైక్రాను. అందుకే పాతకాలం నుంచీ లెన్సు సత్తా తేల్చడానికి దీన్ని వాడుతున్నారు. 10ఎక్స్ ఆబ్జెక్టివ్ కింద పెట్టి చూడండి. పెంకు అంచు చక్కగా తెలుస్తుంది, లోపల నున్నగా గాజులా ఉంటుంది. ఐపీస్ తీసి 15 పెట్టండి, 25 పెట్టండి. ఆ నున్నటి పెంకే పెద్దదవుతుంది, గీత మాత్రం రాదు. ఇప్పుడు 10ఎక్స్ ఐపీస్‌నే ఉంచి 40ఎక్స్ ఆబ్జెక్టివ్ తిప్పండి. శుభ్రం చేసి అమర్చిన పెంకైతే, కండెన్సర్ (స్లైడు కింద వెలుతురును కూడగట్టే లెన్సు) కింది ఐరిస్, అంటే వెలుతురును తగ్గించే, పెంచే రంధ్రం, సరిగ్గా పెట్టుకుంటే, మూడు వైపులకు అల్లుకున్న గీతలు బొటాబొటిగా విడిపడతాయి. లెన్సు హద్దు 0.52, గీతల ఎడం కూడా ఇంచుమించు అంతే కాబట్టి కొంచెం కష్టపడాలి. 100ఎక్స్ ఆయిల్‌తో ఆ కష్టం ఉండదు.

ఐరిస్ గురించి ఒక మాట. చాలామంది కాంట్రాస్ట్ కోసం దాన్ని పూర్తిగా బిగించేస్తారు. అప్పుడు గీతలు నల్లగా, గట్టిగా కనిపిస్తాయి గానీ లెన్సు ఎన్‌ఏలో సగం ఊరికే పోతుంది. ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే కింద వెలుతురు బిళ్ల కనిపిస్తుంది. అందులో నాలుగింట మూడొంతులు వెలుగుండేలా ఐరిస్ తెరుచుకుంటే సరిపోతుంది.

అయితే 15ఎక్స్ ఐపీస్ అసలు వద్దా?

అలా అనను. ఎన్‌ఏను 500తో, 1000తో గుణిస్తే వచ్చే రెండు అంకెల మధ్య మొత్తం రెట్లు ఉంటే కంటికి సుఖం, వివరానికి న్యాయం. 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌కు ఆ హద్దులు 125, 250. అంటే మామూలు ఐపీస్‌తో వచ్చే 100 రెట్లు నిజానికి కాస్త తక్కువే. 15 పెడితే 150, 20 పెడితే 200, రెండూ హద్దులోనే ఉన్నాయి. 4ఎక్స్‌కు హద్దు 50 నుంచి 100, అక్కడా 15, 20 రెండూ పనికొస్తాయి. 40ఎక్స్‌కు 325 నుంచి 650 కాబట్టి 15 ఐపీస్‌తో 600 వరకు పరవాలేదు, 20తో 800 అయితే దాటిపోయినట్టే. 100ఎక్స్ ఆయిల్‌కు పై హద్దు 1250. 15 పెట్టినా దండగే, 20 పెడితే షాపాయన చెప్పిన ఆ రెండువేలు.

అంటే పెద్ద ఐపీస్ ఉపయోగపడేది చిన్న ఆబ్జెక్టివ్‌లకు. జనం కొనేది మాత్రం పెద్ద ఆబ్జెక్టివ్‌కు తగిలించాలని! పైగా ఐపీస్ రెట్లు పెరిగేకొద్దీ కన్ను లెన్సుకు అంటుకునేంత దగ్గరకు తేవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకు అది పెద్ద తలనొప్పి. రోజంతా స్లైడులు చూసే టెక్నీషియన్ చేతికి 20ఎక్స్ ఐపీస్ ఇవ్వడం శిక్ష వేయడమే.

దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టు 20న పట్టుకున్నాడు. అప్పటికి ఆయన మైక్రోస్కోపు స్క్రూలు చెమటకు తుప్పు పట్టాయి, మిగిలిన ఒకే ఒక్క ఐపీస్‌కు బీట పడింది. ఆ విషయం ఆయనే రాసుకున్నాడు. బీటపడ్డ ఐపీస్‌తో నోబెల్ వచ్చింది, గీతపడ్డ ఆబ్జెక్టివ్‌తో వచ్చేదా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

రక్తం స్మియర్‌కు (స్లైడు మీద పూసిన రక్తపు పొరకు) 40 చాలదా?

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మహారాణిపేట ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇది రోజూ ఉండే పనే. ఎర్రరక్తకణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. ఫాల్సిపారం రకం మలేరియా లేత రింగు (కణంలో ఉంగరంలా కనిపించే పరాన్నజీవి) అందులో సుమారు అయిదో వంతు, అంటే ఒకటిన్నర మైక్రాను. ఆ రింగుకున్న ఎర్రచుక్క ఇంకా చిన్నది. 0.52 హద్దున్న 40ఎక్స్‌తో అక్కడేదో ఉందని తెలుస్తుంది. అది రింగా, ప్లేట్‌లెట్టా, రంగు మరకా అన్నది తేలదు. పాడేరు, అరకు వైపు నుంచి జ్వరంతో వచ్చిన మనిషి స్మియర్ చూస్తున్నప్పుడు "ఏదో ఉంది" అంటే ఎవరికి పనికొస్తుంది? ఇక్కడ 100ఎక్స్ ఆయిల్‌కు పోటీ లేదు. థిక్ ఫిల్మ్‌లో (మందంగా పూసిన రక్తంలో) కనీసం 100 ఫీల్డులు, అంటే లెన్సులో ఒకసారి కనిపించే మేరలు, చూశాకే నెగెటివ్ అని రాయాలన్నది కూడా ఈ లెన్సుతోనే.

ఆయిల్ చేసే పని ఏమిటంటే, గాలి వక్రీభవన గుణకం 1, గాజుది 1.52, ఆయిల్‌ది 1.515. గాలి ఉంటే గాజులోంచి ఏటవాలుగా వచ్చే కిరణాలు పక్కకు వంగి లెన్సుకు అందకుండా పోతాయి. ఆయిల్ చుక్క ఉంటే వంగకుండా నేరుగా లోపలికి వస్తాయి. గాలిలో ఎన్‌ఏ ఎంత ఘనమైన లెన్సుకైనా 0.95 దాటడం కష్టం. 1.25 కావాలంటే ఆయిల్ ఉండాల్సిందే. సీడర్‌వుడ్ ఆయిలా, సింథటిక్ ఆయిలా అంటే నేను సింథటిక్ అంటాను. సీడర్‌వుడ్‌ను తుడవడం మరిచిపోతే గట్టిపడి లెన్సుకు అతుక్కుపోతుంది.

40ఎక్స్‌తో ఇంకో చిక్కుంది. దాని మీద 0.17 అని రాసి ఉందని చెప్పాను కదా, అది కవర్ స్లిప్ మందం, మిల్లీమీటర్లలో. అంటే పైన కవర్ స్లిప్ ఉంటుందన్న లెక్కతో ఆ లెన్సు తయారైంది. స్మియర్‌కు కవర్ స్లిప్ ఉండదు కాబట్టి 40లో పొగమంచు పట్టినట్టు కనిపిస్తుంది. లెన్సు పాడైందని మార్చేసేవాళ్లున్నారు. స్మియర్ మీద ఒక చిన్న ఆయిల్ చుక్క వేసి, దాని మీద కవర్ స్లిప్ పెట్టి, అప్పుడు 40 తిప్పి చూడండి. పొగమంచు విడిపోతుంది. 40కీ స్లైడుకూ మధ్య సందు అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అందువల్ల స్లైడు తిరగేసి పెట్టినా ఫోకస్ రాదు, గాజు మందమే సుమారు ఒక మిల్లీమీటరు.

అన్నింటికన్నా ఎక్కువగా 40ఎక్స్ చచ్చేది 100 నుంచి వెనక్కి తిప్పేటప్పుడు. ఆ ఆయిల్‌లో అది మునుగుతుంది. ఆయిల్ వేశాక 40 వైపు తిప్పకూడదు, తుడిచాకే తిప్పాలి.

ఇంటికైతే

పిల్లల కోసమైతే 100ఎక్స్ ఆయిల్ వదిలేయండి. మంచి 4, 10, 40, ఒక 10ఎక్స్ ఐపీస్ జత చాలు. ఫీల్డ్ నంబరు (ఐపీస్‌లో కనిపించే మేర ఎంత వెడల్పో చెప్పే అంకె) 18 ఉన్న ఐపీస్‌తో 4ఎక్స్‌లో నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది, 10ఎక్స్‌లో 1.8, 40లో 0.45, 100లో 0.18. కదిలే కోపిపాడ్‌ను (రొయ్యకు చుట్టమైన బుల్లి జీవి) 40లో వెతకడం మొదలెడితే సాయంత్రమైపోతుంది, 4లో క్షణం పట్టదు. ఒక్కటే లెన్సు ఉంచుకోమంటే నేను 10ఎక్స్ ఉంచుకుంటాను. ఆన్‌లైన్‌లో 1600 రెట్లు అని రాసి అమ్మే యూఎస్‌బీ కెమెరాల జోలికి పోవద్దు. ఆ అంకె చాలావరకు స్క్రీను సైజుతో వచ్చిందే, ఎన్‌ఏ ఎంతో ఎక్కడా రాయరు.

ప్లాన్ లెన్సులా, మామూలు అక్రోమాట్‌లా అంటే, ఫొటోలు తీసేవాళ్లకు ప్లాన్. ఫీల్డు అంచు వరకు ఫోకస్ నిలుస్తుంది. మధ్యలో చూసుకుంటూ స్లైడు జరుపుకునేవాళ్లకు అక్రోమాట్ చాలు.

సెకండ్‌హ్యాండ్ కొంటే మాత్రం ఒక జాగ్రత్త. మన సముద్రపు గాలికి, చెమ్మకు లెన్సుల లోపల బూజు పడుతుంది. ఆబ్జెక్టివ్ విప్పి, ఐపీస్‌ను తిరగేసి భూతద్దంలా పట్టుకుని, వెలుతురు వైపు పెట్టి ముందు గాజును చూడండి. సాలీడు దారాల్లాంటివి కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. కొన్నాక మూతపడే పెట్టెలో సిలికా జెల్ వేసి ఉంచండి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ పెట్టండి.