‘వీల్‌చైర్ ఫ్రెండ్లీ’ అని చెప్పి అమ్మే ఫ్లాట్లతో జాగ్రత్త

హైదరాబాద్ శివార్లలోని ఒక అపార్టుమెంటులో, బ్రోషరు మీద ‘వీల్‌చైర్ ఫ్రెండ్లీ’ అని ముద్రించి ఉండటమే ప్రధాన కారణంగా మేము ఫ్లాటు కొన్నాము. వెన్నుపాము గాయం వల్ల నేను వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. తాళాలు చేతికి వచ్చాక చూస్తే, కింద పార్కింగు నుంచి ఇంట్లోని స్నానాల గది వరకు నేను ఒంటరిగా చేరుకోగలిగే దారే లేదని తేలింది. వ్యవహారం ఫిర్యాదు వరకు వెళ్లినందువల్ల బిల్డరు పేరు రాయడం లేదు. అయితే ఇదే మాట ఇప్పుడు చాలా బ్రోషర్లలో కనిపిస్తున్నది కనుక, ఇలాంటి ఇల్లు వెతుక్కుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఈ సంగతులు తెలుసుకోవాలని రాస్తున్నాను.

అన్నిటికంటే పెద్ద చిక్కు స్నానాల గది తలుపు. ప్లానులో అది రెండున్నర అడుగులని ఉంటుంది, వినడానికి సరిపోతుందనే అనిపిస్తుంది. కానీ మన దగ్గర తలుపు కొలతను సాధారణంగా ద్వారబంధం బయటి అంచుల మధ్య చెబుతారు. రెండు పక్కల చట్రం మందం చెరి రెండున్నర, మూడు అంగుళాలు పోగా, తెరిచిన తలుపు మందం మరో అంగుళం పైచిలుకు తినేయగా, నిజంగా మిగిలేది ఇరవైమూడు అంగుళాలకు అటూఇటూ. పద్దెనిమిది అంగుళాల సీటున్న మామూలు మడత కుర్చీ వెడల్పే చక్రాలతో కలిపి సుమారు ఇరవైఐదు అంగుళాలు ఉంటుంది, దానికి తోడు చక్రం తిప్పే చేతులకు చోటు కావాలి. తలుపు తీశాక మిగిలే ఖాళీ 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. కాబట్టి ద్వారబంధాన్ని మూడున్నర అడుగులకు అడగాలి. మేము ఈ లెక్క చూపించినప్పుడు సైటు ఇంజనీరు గారు, “తలుపు ఊడదీసి కర్టెన్ వేసుకోండి సార్” అని సలహా ఇచ్చారు. ఆయన ఇంట్లో ఆ ఏర్పాటు ఉన్నదో లేదో నేను అడగలేదు.

తరువాతిది గడప. వీధి తలుపుకు రెండంగుళాల టేకు గడప, స్నానాల గదికి నీళ్లు బయటికి రాకుండా గ్రానైటు గట్టు, బాల్కనీకి జరిపే తలుపుల పట్టాలు, ఇలా ప్రతి ద్వారం దగ్గరా ఏదో ఒకటి అడ్డం. ఎత్తు తేడా 12 మిల్లీమీటర్లు మించకూడదన్నది నియమం, ఎందుకంటే కుర్చీ ముందుండే చిన్న చక్రాలు అంతకు మించితే తట్టుకుని ఆగిపోతాయి, కూర్చున్న మనిషి ముందుకు తూలిపడే ప్రమాదం కూడా ఉంది. గడప లేకపోతే వాస్తు ఒప్పదని బిల్డరు తరఫువారు వాదించారు. మాదీ పండగకు గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే ఇల్లే. గడప తీసేయమని మేము అడగలేదు, దానిని నేల మట్టానికి దింపమని, కాదంటే రెండు వైపులా ఏటవాలుగా చెక్కమని మాత్రమే అడిగాము.

కింద లాబీ పార్కింగు కంటే అడుగున్నర ఎత్తులో ఉంది. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు చొప్పున అక్కడ పద్దెనిమిది అడుగుల ర్యాంపు ఉండాలి. వారు రెండు స్తంభాల మధ్య దొరికిన ఆరడుగులలో, నున్నటి గ్రానైటుతో జారుడుబల్ల లాంటిది కట్టి దానికి ర్యాంపు అని పేరు పెట్టారు. ఇద్దరు పట్టుకుంటే తప్ప దాని మీద కుర్చీ నిలవదు. లిఫ్టు ఆరుగురు పట్టేది, లోపలి లోతు మీటరు మాత్రమే; పాదాల ఆనికలతో కలిపి నా కుర్చీ పొడవు అంతకంటే ఎక్కువ. వీల్‌చైర్‌కు అనువైన లిఫ్టుగా మన ప్రమాణాలు చెప్పేది 13 మంది పట్టేదానిని, 900 మిల్లీమీటర్ల తలుపుతో. కరెంటు పోయినప్పుడు జనరేటరు లిఫ్టును కూడా నడుపుతుందో లేదో ముందే అడగండి.

గోడలు లేచాక ఇవి ఎత్తిచూపితే వచ్చే జవాబు, “అనుమతి వచ్చిన ప్లాను మార్చకూడదు” అన్నది. అది పూర్తి నిజం కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టంలోని 14వ సెక్షన్ కొనుగోలుదారు కోరిన చిన్న మార్పులకు వీలు కల్పిస్తున్నది. అదే చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ మాట చెల్లేది ఆ పది శాతం దశలోనే. తలుపుల ఖాళీ వెడల్పు, గడపల ఎత్తు, ర్యాంపు పొడవు, లిఫ్టు లోపలి కొలతలు, కుర్చీ తిరగడానికి స్నానాల గదిలో ఐదడుగుల ఖాళీ, వీటన్నిటినీ అంకెలతో ఒప్పందానికి అనుబంధంగా రాయించి సంతకం పెట్టించండి. “అన్నీ చూసుకుంటాం మేడమ్” అని మా ఆవిడకు ఫోనులో ఇచ్చిన హామీకి ఇప్పుడు వారి దగ్గర జ్ఞాపకమే లేదు.

బ్రోషరును, ప్రకటనలను, వాట్సాప్‌లో పంపిన ప్లాన్లను తేదీలతో సహా దాచుకోండి. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని, ప్రాజెక్టు నుంచి తప్పుకోదలిస్తే మొత్తాన్ని వడ్డీతో తిరిగి చెల్లించాలని రెరా 12వ సెక్షన్ చెబుతున్నది. మా ఫిర్యాదుకు ఆధారం ఆ బ్రోషరే. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా నమోదు తప్పనిసరి కాదు. అలాంటి చోట కొన్నవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, కాని వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.