పాత డిస్కు వేగాన్ని టెలిఫోన్ లైన్లలోకి మార్చే యాప్, నెల వాడాక

అమలాపురంలో డిప్లొమా పిల్లలకు నెట్‌వర్కింగ్ చెబుతుంటాను. డేటా వేగాలు మార్చడానికి ఈ కన్వర్టర్ యాప్ వేసుకుని నెలైంది, బాగా నచ్చింది. వానకి సిగ్నల్ పోయినా నెట్ లేకుండానే పనిచేస్తుంది.

పెద్ద కాలవ నీళ్లు ఎన్ని బోదెలకు సరిపోతాయి అని అడిగితే మా పిల్లలకు వెంటనే ఎక్కుతుంది, ఒక పాత డిస్కు వేగం ఎన్ని టెలిఫోన్ లైన్లకు సమానం అనేదీ అంతే. మొదటి తరం స్కజీ (SCSI, డిస్కును కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి) వేగం సెకనుకు 5 మెగాబైట్లు, బైటుకు 8 బిట్లు కాబట్టి 40 మెగాబిట్లు. ఒక ఈ1 (E1, టెలిఫోన్ కంపెనీల డిజిటల్ లైను) సెకనుకు 2.048 మెగాబిట్లు, అంటే 64 కిలోబిట్ల చానళ్లు 32, వాటిలో మామూలుగా మాటలకు వాడేవి 30. భాగిస్తే సుమారు 19.5 లైన్లు. యాప్ అదే చూపించింది, పిల్లలు బోర్డు మీద చేసి సరిచూసుకున్నారు కూడా.

ఇబ్బంది ఒక్కటే. జాబితాలో టీ1 ముందుంటుంది. అది 1.544 మెగాబిట్ల అమెరికా పద్ధతి, మన దగ్గర వాడేది ఈ1. పొరపాటున టీ1 నొక్కితే అదే డిస్కుకు దాదాపు 26 లైన్లు వస్తాయి, క్లాసు మధ్యలో నాకలాగే జరిగి టెన్షన్ పడ్డాను. ఇంకోటి, 5 మెగాబైట్లనేది స్కజీ బస్ (డేటా వెళ్లే దారి) గరిష్ఠ వేగం, డిస్కు ఎప్పుడూ అంత ఇస్తుందని కాదు. ఆ మాట యాప్‌లో ఒక్క లైను రాసి ఉండాల్సింది. ఐదుకి నాలుగు స్టార్లు.