గడ్డికి ఫుల్ మార్కులు, పుల్లలకు పాస్ మార్కులు, రాయికి సున్నా

కుందేలు పళ్ళ కోసమని అమ్మే సరుకు ఎక్కువగా నాలుగు రకాలు: తిమోతి ఎండుగడ్డి, పెల్లెట్లు (నొక్కి చేసిన మేత గుళికలు), కొరుకుడు పుల్లలు, మినరల్ రాయి (క్యాల్షియం లాంటి ఖనిజాల దిమ్మ). వీటిలో దవడ పళ్ళను సరిగ్గా అరగదీసేది గడ్డే.

కుందేలుకు 28 పళ్ళు. ముందువి పైన నాలుగు (రెండు పెద్దవి, వాటి వెనక నక్కి రెండు చిన్నవి), కింద రెండు. మిగతా 22 దవడ పళ్ళు. అన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళయితే వారానికి 2, 3 మిల్లీమీటర్లు. గడ్డి పోచ నములుతున్నప్పుడు కింది దవడను గమనించండి. పక్కకు జరిగి తిరగలిలా రుబ్బుతుంది. పోచలో పీచు, సిలికా గరుకు కలిసి దవడ పళ్ళను సమంగా అరగదీస్తాయి. అదే పెల్లెట్ వేస్తే రోకటి పోటులా దవడ పైకీ కిందికీ ఆడుతుంది, నాలుగు పోట్లకు పొడైపోతుంది. పళ్ళకు పనే పడదు. అరగని పళ్ళ అంచులు మొనదేలి, కిందివి నాలుకకు, పైవి బుగ్గకు గుచ్చుకుంటాయి.

గడ్డిలో మొదటి కోతకు కాడలెక్కువ, మొరటు. మూడో కోత మెత్తని ఆకు, ఇష్టంగా తింటాయి గానీ పీచు తక్కువ. ఆకూ కాడా కలిసిన రెండో కోతకే మా ఓటు. బస్తా విప్పగానే గడ్డి వాసన రావాలి. దులిపితే దుమ్ము లేచినా, బూజు వాసన కొట్టినా తిప్పి పంపేయండి. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరుతుంది, గుడ్డ సంచిలోకి మార్చండి. రోజూ కుందేలు ఒళ్ళంత కుప్ప తగ్గకూడదు. ఆరు నెలలు దాటిన కుందేలుకు అల్ఫాల్ఫా (పప్పుజాతి మేత) వద్దు, క్యాల్షియం మరీ ఎక్కువ.

పెల్లెట్లు కుందేలు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు చాలు. అన్నీ ఒకే రకం గుళికలు ఉన్న ప్యాకెట్టే కొనండి. రంగురంగుల మిక్స్ చూడ్డానికి బాగుంటుంది, అంతే. గింజలు ఏరుకు తిని, పీచు గుళికలు వదిలేస్తుంది.

యాపిల్, విల్లో పుల్లలు కాలక్షేపానికి మంచివి. పంజరం ఊచలు కొరకడం తగ్గుతుంది. కానీ పుల్ల పడేది ముందు పళ్ళకే, దవడ పళ్ళకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. తేనె, జిగురు, రంగు పూసినవి అసలు వద్దు.

ఇక రాయి. కుందేలు పేగు తిండిలోని క్యాల్షియాన్ని అవసరం చూడకుండా పీల్చేసుకుంటుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. గడ్డి, పెల్లెట్లు తినేదానికి పైన రాయి కూడా పెడితే మూత్రం సున్నం బురదలా చిక్కబడే ప్రమాదం ఉంది.

పుట్టుకతో దవడ వంకర ఉంటే మాత్రం ఈ సరుకులేవీ చాలవు. ముందు పళ్ళు పెరిగాయని గోళ్ళ కత్తెరతో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది, ఆ పని వెట్ చేతి బర్‌ది (పన్ను అరగదీసే చిన్న మర). గడ్డం కింద తడి, ఒక కంట్లోనే నీరు, చిన్నవైపోయిన పెంటికలు, గడ్డి వదిలి మెత్తనివే వెతుక్కోవడం: ఇవి కనిపిస్తే దవడ పళ్ళు చూపించాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే తెల్లారేదాకా ఆగకండి, పేగులు ఆగిపోతాయి.